నూలు పోగు పక్కన లేచిన స్తంభాలు

ముందు ఈ మాట చెప్పీయనీండి, లేకపోతే నాకు అన్నం దిగదు. నేను పనిచేసిన కాలేజీ నుంచి మొన్న ఫోనొచ్చింది. నా తరవాత ఆ ల్యాబులో చేరిన అమ్మాయి చేసింది. ఎప్పుడో మేము కిందామీదా పడి చేసిన పనిని ఇప్పుడు మీలాంటి పిల్లలకి ప్రయోగంగా పెట్టీసేరంట. మాన్యువల్లో అచ్చేసి మరీ. అందులో నాలుగో మెట్టు దగ్గర ఇలగ రాసుందంట: "వాలుగ చేప దవడతో దువ్విన పత్తి పోగులను తీసుకొని గాజుపై వరుసగా పరచవలెను." ఆ అమ్మాయి చేత ఆ లైను మూడుసార్లు చదివించుకున్నాను. నాలుగోసారి చదవమంటే, క్లాసుకి టైమైపోతన్నాది అమ్మగారూ అని పెట్టీసింది.

మీరు ఆ లైను దగ్గర తప్పకుండా ఆగుతారు. ఫిజిక్స్ ల్యాబులో చేప దవడేటి అనుకుంటారు. మాన్యువల్లో ఏం చెయ్యాలో రాస్తారు గాని ఎందుకొచ్చిందో రాయరు కదా. అందుకని నేను రాస్తన్నాను.

మాది పొందూరు. మా అమ్మ నూలు వడుకుతాది. మా దగ్గర పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్ళుంటాయి. వాటి మధ్య నుంచి పత్తి లాగితే చెత్త రాలిపోయి, పోగులన్నీ ఒకే వైపు తిరిగి బుద్ధిగా పడుకుంటాయి. నేను పదో తరగతితో ఆపీసి, పెళ్ళయ్యాక రాజాం పక్కన ఇంజనీరింగు కాలేజీలో అటెండరుగా చేరాను. గంట కొట్టడం, ఫైళ్ళు మొయ్యడం, స్టాఫ్ రూములో మంచినీళ్ళు పెట్టడం. పధ్నాలుగేళ్ళు అదే పని. ఆ మధ్యలో దూరవిద్యలో ఇంటరు కట్టాను, తరవాత డిగ్రీ కట్టాను. ఆదివారాలు క్లాసులు, చీపురుపల్లిలో పరీక్షలు. నలభై ఎనిమిదో ఏట బీయస్సీ పాసయ్యాను. అమ్మ వైపు చూసినా నాన్న వైపు చూసినా మా ఇళ్ళల్లో అదే మొదటి డిగ్రీ. సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుని బస్సులో పక్క సీటావిడకి చూపించాను. ఆవిడ అడగనేలేదు.

అది రెండువేల పదమూడు. ఆ ఏడాదే మా ఫిజిక్స్ సారుకి ఒక పరిశోధన ప్రాజెక్టు వచ్చింది. ల్యాబ్ అసిస్టెంటు కావాలి, డిగ్రీ ఉండాలి అని అందులో షరతు. సారు మిషన్ చర్చి కుటుంబంలోంచి వచ్చినాయన. ఆదివారం చర్చిలో పాడిన కీర్తన సోమవారం ల్యాబులో కూనిరాగం తీసుకుంటూ పని చేసేవారు. నన్ను పిలిచి, "గంట కొట్టే చేత్తో గాజు పట్టుకోగలవా?" అన్నారు. నేను సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాను. అప్పటికి అది నా బ్యాగులోనే ఉంటన్నాది మరి.

పని గురించి కొంచెం చెప్తాను, భయపడకండి. మీ ఇంట్లో పారేసే ప్లాస్టిక్ గ్లాసు ఉందా, ఆ జాతి ప్లాస్టిక్‌నే మందులో కరిగించి, గిర్రున తిరిగే గాజు బిళ్ళ మీద ఒక్క చుక్క వేస్తాం. అది బిళ్ళంతా పాకి, మన వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచని పొరగా అంటుకుంటాది. దాని మీద తగలకుండా, మధ్యలో కాస్త సందు ఒదిలి ఇంకో గాజు పెడతాం. రెండు గాజులకీ కరెంటు పారే పూత ఉంటాది. కింద వేడి పెడితే పొర మెత్తబడతాది. అప్పుడు రెండు గాజుల మధ్య వోల్టేజీ ఇస్తే, మెత్తటి పొరని పైకి లాగుతాది. ఎవరూ ముట్టుకోరు, అచ్చు గుద్దరు, చెక్కరు. పొర దానంతటదే బొడిపెలు బొడిపెలుగా లేచి, స్తంభాల్లాగ నిలబడతాది. ఎక్కడ సందు తక్కువో అక్కడ లాగుడెక్కువ, అక్కడే ముందు లేస్తాది. చల్లారాక అలగే గట్టిపడిపోతాది. ఆ స్తంభాలు వరుసగా, సమానంగా వస్తే రక్తపరీక్ష బిళ్ళలకీ, ఎండతో కరెంటిచ్చే పలకలకీ పనికొస్తాయని సారు చెప్పేవారు. వరుసగా వస్తే. మా గొడవంతా ఆ మాట దగ్గరే.

మొదట్లో ఒక తప్పు చేశాను. అది చిన్నది, ముందు దాన్ని చెప్పీసి పెద్దదానికొస్తాను. సాయంత్రం ఇంటికెళ్ళేముందు మనం స్విచ్చులన్నీ కట్టీస్తాం కదా. వేడిదీ, వోల్టేజీదీ రెండూ ఒకేసారి కట్టీసి వెళ్ళిపోయాను. పొద్దున్న చూస్తే పొర నున్నగా, ఏమీ జరగనట్టు ఉన్నాది. మంట తీసేస్తే పొంగిన పాలు దిగిపోయినట్టు, లేచిన స్తంభాలన్నీ దిగిపోయాయి. పొర గట్టిపడేదాకా వోల్టేజీ ఉండాలంట. మా కాలేజీలో కరెంటు ఎప్పుడు పోతాదో ఎప్పుడొస్తాదో తెలీదు. అందుకని కాలేజీలో కరెంటు పని చూసే తమ్ముడొకడు, నన్ను సొంత అక్కలాగే అప్పా అని పిలిచేవాడు, రేడియోకి వేసే చిన్న బ్యాటరీలు డజను తెచ్చి, ఒకదాని తోకకి ఒకటి కట్టి, సబ్బు డబ్బాలో పెట్టి ఇచ్చాడు. "అప్పా, ఊళ్ళో కరెంటు పోయినా ఇది పోదు. నువ్వు మాత్రం దీని మీద టీ గ్లాసు పెట్టకు," అన్నాడు. అంతకు ముందు వారమే వాడి టెస్టరు మీద పెట్టాను లెండి.

ఇక పెద్ద తప్పు.

ఆర్నెల్లు గడిచాయి. స్తంభాలు లేస్తన్నాయి గాని ఎక్కడ పడితే అక్కడ. ఒక చోట గుంపు, ఒక చోట ఖాళీ, ఒక చోట మచ్చ చుట్టూ రింగులు. మైక్రోస్కోపులో చూస్తే గాజు మీద వంకర గీతలు కనిపించేవి. గాజు మీద గీరలున్నాయని సారు సరుకు పంపినోళ్ళకి రెండు ఉత్తరాలు రాశారు. వాళ్ళు కొత్త గాజులు పంపారు. వాటి మీదా అవే గీతలు. సారు కూనిరాగం ఆగిపోయింది. ఆయన పాట ఆగిందంటే మేమందరం గొంతు తగ్గించీసేవాళ్ళం.

అప్పుడే కబురొచ్చింది. నెల తిరిగేసరికి ప్రాజెక్టుకి డబ్బిచ్చేవాళ్ళ తరపున ఒక పెద్దావిడ సమీక్షకొస్తారు, వరుస చూపించలేకపోతే రెండో ఏడు లేదు. ప్రాజెక్టు లేకపోతే నా పోస్టూ లేదు. రోడ్డున పడను, వెనక్కి అటెండరుగానే తీసుకుంటారు. కాని ఆ "వెనక్కి" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మా అమ్మ అప్పటికే నూలు అప్పజెప్పే చోట అందరికీ చెప్పీసింది, మా పాప సైంటిస్టు అని. నేను కాదే అన్నా వినదు. అలాంటిది మళ్ళీ గంట దగ్గరికెళ్ళి నిలబడడమా.

సమీక్షకి మూడు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం మైక్రోస్కోపు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ గీతల్లో ఒకదాన్ని బాగా పెద్దది చేసి చూశాను. అది గీత కాదు. చదునుగా, రిబ్బను లాగ, అక్కడక్కడ మెలి తిరిగి ఉన్నాది. పుట్టినప్పటి నుంచి ఒళ్ళంతా అంటించుకుని పెరిగినదాన్ని, నాకు తెలీదా అది ఏటో. పత్తి పోగు.

ఎక్కడి నుంచొచ్చిందో కూడా తెలుసు. గాజులు తుడవడానికి పోగు రాలని కాగితాలని ప్రత్యేకంగా ఉంటాయి. అవి మొదటి నెలలోనే అయిపోయాయి. మళ్ళీ తెప్పించమని అడగడానికి మొహమాటపడి, ఇంట్లో అమ్మ వడికిన నూలుతో నేసిన గుడ్డ, ఉన్నవాటిలోకెల్లా సన్నది, ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చాను. ప్రతి గాజునీ చివరిసారి దానితోనే తుడిచాను. ఎవరికీ చెప్పలేదు. లోకంలో మా పొందూరు గుడ్డకంటే శుభ్రమైన గుడ్డ ఇంకోటి ఉంటాదని నాకు తట్టనే లేదు. గర్వం పిల్లలూ, ఉత్త గర్వం.

సారుకి చెప్పకుండా ఇంటికెళ్ళిపోయాను. అమ్మ రాట్నం దగ్గర కూచుని ఉంది. సంగతి చెప్తే అమ్మకి కోపమొచ్చింది, నా మీద కాదు, మైక్రోస్కోపు మీద.

"నా నూలు పోగు రాల్సిందని సెప్పిందేటే ఆ మిసను? యాబై యేళ్ళు నుండి వడుకుతన్నాను, ఒక్కడు వంక పెట్టనేదు."

ఆ గుడ్డ నా చేతిలోంచి లాక్కుని, నిరూపించీడానికి గుమ్మంలోకెళ్ళింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడతన్నాది. గుడ్డ ఒక్కసారి దులిపింది. ఎండలో పోగులు, సన్నవి, బంగారం రంగులో, ఎన్నెన్నో తేలిపోయాయి. అమ్మ చాలాసేపు వాటినే చూసింది.

"నూలన్నాక రాల్తాది," అంది చివరికి. "మనిసికి జుట్టు రాలదేటి. నువ్వెళ్ళి మీ సారుకి సెప్పీ. దాసుకుంటే ఇంకా సిక్కు పడతాది."

మర్నాడు చెప్పీశాను. సారు ఫొటోలు ముందేసుకుని కూచున్నారు.

"సార్, ఆ గీతలు గాజువి కావు. మావి."

"మావి అంటే?"

"మా అమ్మ నూలువి. మీ కాగితాలైపోయాక నేను గుడ్డతో తుడిచాను సార్."

"ఎన్ని తుడిచావు?"

"అన్నీ."

ఆయన అరిచుంటే బాగుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఈవేళ్టికి ఇంటికెళ్ళమ్మా అన్నారు. ఆర్నెల్ల పని, రెండు ఉత్తరాలు, ఆయన పాట, అన్నీ ఆ బల్ల మీదే కనిపించాయి నాకు.

తెల్లారి కాలేజీకెళ్ళి, ల్యాబు మెట్లెక్కలేదు. తిన్నగా గంట దగ్గరికెళ్ళి నిలబడ్డాను. ఎలాగూ పంపిస్తారు కదా, నా అంతట నేనెళ్ళిపోతే కాస్త మర్యాదగా ఉంటాదనుకున్నాను. మొదటి గంట నేనే కొట్టాను. రెండో గంటకి సుత్తి ఎత్తేసరికి మేడ మీద నుంచి సారు గొంతు.

"గంట కొట్టడానికి బీయస్సీ ఎందుకమ్మా? పైకి రా."

వెళ్ళేసరికి ఫొటోలన్నీ నేల మీద పరిచేసున్నాయి. చేతిలో ఎర్ర పెన్సిలు. ఆయన కూడా రాత్రి సరిగా పడుకున్నట్టు లేరు. ఒక్కో ఫొటోలో పోగు పక్కనే పెన్సిలుతో గీత గీశారు. చూడు, అన్నారు. చూశాను. మిగతా చోటంతా స్తంభాలు సంతలో జనంలాగ ఉన్నాయి. పోగు పక్కన మాత్రం, పోగు ఎటు వంగితే అటు వంగుతూ, సమాన దూరంలో ఒక వరుస. దాని పక్కన ఇంకో వరుస. మూడోది కొంచెం తడబడి, తరవాత కలిసిపోయింది. మెత్తబడ్డ పొర పోగుని పట్టుకుని పైకి పాకుతాదంట. అక్కడ సందు తగ్గుతాది, లాగుడు ఎక్కువవుతాది, ముందు అక్కడే లేస్తాయి. వాటిని చూసి పక్కవి.

"ఆర్నెల్లుగా గీతల్ని తిట్టుకుంటూ కూచున్నాను, పక్కన వరుసుందని చూడలేదు. నా తప్పు కూడా ఉందిలే," అన్నారు సారు. ఆ మాట ఆయన అననక్కర్లేదు. అన్నారు. అప్పటి నుంచి ఆయనంటే నాకు ఇంకో లెక్క.

పోగు తిన్నగా ఉంటే వరుస తిన్నగా వస్తాదా అన్నది ఇప్పుడు ప్రశ్న. సారు చిన్న పట్టకారుతో రెండు రోజులు ప్రయత్నించారు. పత్తి పోగు ఆయన మాట వినలేదు, ముడుచుకుపోయేది. మూడో రోజు నేను ఇంటి నుంచి అమ్మ దవడ తెచ్చాను. చేప దవడే లెండి. అమ్మ ఇవ్వడానికి బేరమాడింది, దాని పన్నొక్కటి ఇరిగినా మీ సారు గోదార్లోకి దిగి ఇంకో సేప పట్టి తేవాల అని చెప్పమంది. చెప్పాను. సారు సరేనన్నారు.

దువ్వాను. పోగులు పడుకున్నాయి. వాటిలోంచి ఒక్కోటి వేళ్ళతో తీసి, రెండు కొసలూ పట్టి, పొర మీద పరిచాను. ఈ పని నీకెలా వచ్చింది అని అడిగారు సారు. నాకు మాటల్లో చెప్పడం రాలేదు. చిన్నప్పుడు అమ్మ పక్కన కూచుని నేర్చుకున్నది, మా ఊళ్ళో అది పనితనమని కూడా ఎవరూ అనుకోరు. నా డిగ్రీ కంటే ముందు నుంచి నా వేళ్ళకి తెలిసిన పని అది. డిగ్రీ వచ్చాక దాన్ని మర్చిపోవాలేమో అనుకున్నాను నేను.

ఆ వారంలో నాలుగు గాజులు చేస్తే రెండు బాగా వచ్చాయి, రెండు చెడిపోయాయి. సమీక్ష రోజుకి కళ్ళెదటే ఒకటి చేసి చూపించాలని ఆ పెద్దావిడ ముందే కబురు పెట్టారు. ఫొటోలు నమ్మనన్నారంట.

వచ్చారు. పొట్టిగా, తెల్ల జుట్టు, మాటలో గోదావరి యాస. కుర్చీ వేస్తే కూచోలేదు. నేను పోగులు పరిచాను, పై గాజు పెట్టాను, వేడి పెట్టాం, వోల్టేజీ ఇచ్చాం. సరిగ్గా పొర మెత్తబడి స్తంభాలు లేచే వేళకి ఫ్యాను నెమ్మదించింది. తిరగడం ఆగిపోయింది. కరెంటు పోయింది.

పెద్దావిడ గడియారం చూసుకుని, "అయితే పోయినట్టేగా?" అన్నారు.

నేను బల్ల కింద సబ్బు డబ్బా మీద చెయ్యేసి చూశాను. పొద్దున్న తమ్ముడు వచ్చి తీగలు బిగించి, ఈవేళ దీని మీదే నడిపీ అప్పా, ఊరి కరెంటుని నమ్మకు అని వెళ్ళాడు. నేను అలగే తగిలించాను. సారుకి చెప్పడం మర్చిపోయాను.

"పోలేదండి," అన్నాను. "పోయింది వేడి ఒక్కటే. అది ఎలాగూ పోవాలి. లాగుడు ఉంది."

చల్లారేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం. కరెంటు రాలేదు. తీరా చల్లారాక మైక్రోస్కోపుకి దీపం లేదు. అప్పుడు నేను మెట్ల కింద గదిలోకి పరిగెత్తాను. పధ్నాలుగేళ్ళు ఆ గది తుడిచినదాన్ని, అందులో ఏటుందో నాకు కాక ఎవరికి తెలుస్తాది. పాతకాలం మైక్రోస్కోపు, కింద అద్దం ఉన్నది, గుడ్డ కప్పి మూల పెట్టారు. దాన్ని వరండాలోకి తెచ్చి, అద్దం ఎండకి తిప్పి, గాజు పెట్టాం.

పెద్దావిడ ఒంగి చూశారు. చూస్తూనే ఉన్నారు. సారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను నా చీర కొంగు మెలి పెడుతున్నాను, అది కూడా పొందూరుదే, మరిన్ని పోగులు రాల్తాయేమో అని మళ్ళీ వదిలీశాను.

తల ఎత్తి, "ఈ పోగులు పరిచిందెవరు?" అన్నారు.

సారు నా వైపు చూపించారు.

"ఏం చదువుకున్నావమ్మా?"

బ్యాగు లోపల ఉండిపోయింది గాని, లేకపోతే సర్టిఫికెట్ అక్కడే తీసి చూపించీసేదాన్ని.

రెండో ఏడు ఇచ్చారు. మూడోదీ ఇచ్చారు. నేను మళ్ళీ గంట దగ్గరికి వెళ్ళలేదు, రిటైరయ్యే రోజు తప్ప. ఆ రోజు సరదాకి ఆఖరి గంట నేనే కొట్టాను.

కాని కథ అక్కడ అవలేదు. సమీక్ష అయిన వారానికి అమ్మని ల్యాబుకి తీసుకొచ్చాను. తన నూలు పేరు పాడైందో బాగుపడిందో తన కళ్ళతో చూస్తే గాని నమ్మనంది. స్టూలు మీద కూకోబెట్టి మైక్రోస్కోపులో చూపించాను. ఒక కన్ను ముయ్యడం రాక కాసేపు అవస్థ పడింది, నేను చెయ్యి అడ్డం పెట్టాను. వరుసలు కనిపించాయి. ఇటు చివర నుంచి అటు చివరికి, ఒకదాని పక్కన ఒకటి. సారు పక్కనే నిలబడి, ఎలా ఉందమ్మా అన్నారు.

అమ్మ తల ఎత్తలేదు.

"బాగున్నాది బాబూ. పడుగు బాగా వేసేరు. పేక ఏదీ?"

సారు నా వైపు చూశారు. మగ్గం మీద నిలువు దారాలు పడుగు, అడ్డం దారాలు పేక అని చెప్పాను. ఒక్క వైపే దారాలుంటే అది గుడ్డ అవదు కదా, అదే అడుగుతోంది సార్ అన్నాను. సారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నిలువు గీతలు కొన్ని గీశారు, వాటి మీద అడ్డం గీతలు గీశారు, ఒక్కో గడిలో ఒక్కో చుక్క పెట్టారు. ఆ పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో రాశారు: పేక ఏదీ?

రెండో ఏడంతా మేం చేసిన పని ఆ ప్రశ్నే. పోగులు అడ్డంగానూ పరిచి, గడికొక స్తంభం లేచేలా చెయ్యడానికి మాకు పదకొండు నెలలు పట్టింది. అందులో ఎన్ని చెడిపోయాయో చెప్పను, మీరు ప్రయోగం మొదలెట్టకముందే మీ ఉత్సాహం తగ్గించడమెందుకు. మాన్యువల్లో నాలుగో మెట్టు పడుగు, అయిదోది పేక. దవడ జాగ్రత్త, పళ్ళు విరగ్గొట్టకండి, దాని మీద మా అమ్మ షరతు ఇంకా అలగే ఉంది.

ఇంకో సంగతి. ఆ బోర్డు రోజూ తుడవడం నా పనే. సారు లెక్కలూ, బొమ్మలూ అన్నీ తుడిచేదాన్ని, తడిగుడ్డతో, పోగు రాలినా ఫరవాలేదు అక్కడ. ఆ ప్రశ్న రాసిన మూల మాత్రం రిటైరయ్యేదాకా తుడవలేదు. మొన్న ఫోనులో ఆ అమ్మాయిని అడిగాను, ఇంకా ఉన్నాదా అని. సుద్ద కొంచెం మాసింది గాని చదవొస్తాది అమ్మగారూ అంది.